అటక మీద అలికిడి

ఇంటద్దె మరీ చౌకగా ఉంటే అనుభవమున్నవాడు వెంటనే సామాను సర్దుకోడు. నీళ్లు రావా, ఇరుగుపొరుగు మంచివాళ్లు కారా, ఆ ఇంట్లో ఎవరైనా పోయారా అని ముందు ఆరా తీస్తాడు. దాదాపు రెండు వేల ఏళ్ల కిందట ఏథెన్స్‌లో అథెనోడోరస్ అనే తత్వవేత్త కూడా ఇదే చేశాడని రోమన్ రచయిత ప్లినీ ఒక ఉత్తరంలో రాశాడు. ప్లినీ న్యాయవాది, ప్రభుత్వంలో పెద్ద పదవులు చేసినవాడు. దయ్యాలు నిజంగా ఉన్నాయంటావా, లేక మన భయమే వాటికి రూపం కడుతుందా అని ఒక మిత్రుణ్ణి అడుగుతూ ఈ కథ చెబుతాడు.

అది పెద్ద ఇల్లు. రాత్రయితే గొలుసుల చప్పుడు, ఆ వెనకే బక్కచిక్కిన ముసలివాడి ఆకారం. అక్కడ ఉన్నవాళ్లు నిద్ర లేక జబ్బుపడేవారు. చివరికి యజమాని 'అద్దెకు ఇవ్వబడును' అని బల్ల కట్టి, ధర తగ్గించేశాడు. అథెనోడోరస్ సంగతి మొత్తం తెలుసుకుని మరీ అందులో దిగాడు. మొదటి రాత్రి నౌకర్లను లోపలికి పంపేసి, ముందుగదిలో దీపం పెట్టుకుని రాసుకుంటూ కూర్చున్నాడు. ఖాళీ బుర్ర లేనిపోని భయాలు కల్పించుకుంటుందని ఆయనకు తెలుసు. గొలుసుల చప్పుడు దగ్గరైంది. ఆకారం వచ్చి రమ్మని వేలితో సైగ చేసింది. ఆయన కాస్త ఆగమని చేత్తోనే చెప్పి, వాక్యం పూర్తిచేసుకుని, దీపం పట్టుకుని దాని వెంట వెళ్లాడు. అది పెరట్లో ఒకచోట మాయమైంది. అక్కడ కాసిని ఆకులు కోసి గుర్తు పెట్టుకుని, తెల్లారాక నగర అధికారులకు చెప్పి తవ్వించాడు. గొలుసులతో కట్టిన ఎముకలు దొరికాయి. వాటికి పద్ధతి ప్రకారం అంత్యక్రియలు జరిగాక ఇల్లు నిమ్మళించింది.

ఈ కథను ఎవరూ నమ్మనక్కర్లేదు. ప్లినీ తర్వాత కొన్నాళ్లకే లూసియన్ అనే వ్యంగ్య రచయిత ఇలాంటి కథనే అబద్ధాలకోరు నోట పెట్టి నవ్వించాడు. అయినా ఇందులో ఒక విషయం గమనించాలి. ఆ తత్వవేత్త పారిపోలేదు, కర్ర పట్టలేదు. ఏం కావాలో కనుక్కున్నాడు. పొద్దున్నే పిలిచింది మంత్రగాణ్ణి కాదు, అధికారులను.

ఇలాంటి కథ తుంగభద్ర ఒడ్డునా ఒకటి ఉంది. పద్మపురాణంలోదిగా చెప్పే భాగవత మాహాత్మ్యంలో ఆత్మదేవుడనే బ్రాహ్మణుడి ఊరు ఆ నది తీరానే. సప్తాహం పెట్టించిన ప్రతి ఇంట్లో మొదటి రోజు వినిపించే కథే కాబట్టి తెలుగువారికి కొత్త కాదు. కానీ అది దయ్యం పట్టిన ఇంటి కథ అన్న సంగతి వినేవాళ్లలో చాలామందికి తట్టదు. దుర్మార్గుడైన కొడుకు ధుంధుకారి అయిదుగురు వేశ్యలను ఇంట్లో పెట్టుకున్నాడు. వాళ్లే అతణ్ణి ఉరిబిగించి, నోట్లో నిప్పులు కుక్కి చంపి, గొయ్యి తీసి పాతిపెట్టారు. తీర్థయాత్రల నుంచి తిరిగి వచ్చిన తమ్ముడు గోకర్ణుడు రాత్రి సొంత ఇంటి ముంగిట పడుకున్నాడు. అన్న ప్రేతం పొట్టేలై వచ్చింది, ఏనుగై వచ్చింది, దున్నపోతైంది, ఇంద్రుడైంది, నిప్పైంది, చివరికి మనిషైంది. ఇన్ని వేషాలు చూసి గోకర్ణుడు భయపడలేదు. ఎవరో దుర్గతి పాలైన జీవి అనుకున్నాడు. నువ్వెవరు, ఈ స్థితి ఎందుకొచ్చింది అని అడిగాడు. దానికి నోట మాట రాలేదు. ఏడ్చింది, సైగలు చేసింది. మంత్రజలం చల్లాకే మాట పెగిలింది.

తర్వాతి భాగం మరీ ఆసక్తికరం. గోకర్ణుడు అప్పటికే గయలో అన్నకు శ్రాద్ధం పెట్టి వచ్చాడు. అది పని చేయలేదు. అంటే శాస్త్రోక్తంగా చేసిన కర్మ కూడా ఫలించకపోవచ్చని మతగ్రంథమే ఒప్పుకుంటోంది. అప్పుడు ఏడు రోజుల భాగవత శ్రవణం పెట్టారు. ప్రేతం ఏడు కణుపుల వెదురుబొంగులో కూర్చుని విన్నది. రోజుకో కణుపు పగిలి ఏడో రోజున విముక్తి దొరికింది. చచ్చినవాడు దుర్మార్గుడే, చావు ఘోరమైనదే. అయినా అతణ్ణి తరమలేదు, సీసాలో బిగించి పాతరేయలేదు. కూర్చోబెట్టి కథ వినిపించారు. నేడు ఇంటికొచ్చి నిమ్మకాయలు కోసే భూతవైద్యుడి పద్ధతికీ దీనికీ పోలిక లేదు.

బౌద్ధులు ఇంకో అడుగు ముందుకు వేశారు. అడవిలో వర్షావాసానికి దిగిన అయిదు వందల మంది భిక్షువుల కథ ఒకటి పాళీ వ్యాఖ్యానాల్లో ఉంది. రాత్రుళ్లు భయంకరమైన ఆకారాలు, అరుపులు, దుర్గంధం. భిక్షువులు చిక్కి శల్యమై శ్రావస్తిలోని బుద్ధుడి దగ్గరికి పరుగెత్తారు. వేరే చోటు చూపించమన్నారు. ఆయన అదే అడవికి తిరిగి వెళ్లమన్నాడు. ఈసారి చేతికి ఆయుధమిచ్చాడు, అది మైత్రి. శ్రీలంకలో, మయన్మార్‌లో నేటికీ ఇళ్లలో చదివే మెత్తసుత్తం పుట్టింది ఆ సందర్భంలోనేనని సంప్రదాయం చెబుతుంది. అసలు ఆ దయ్యాలు ఎందుకు భయపెట్టాయి? అవి చెట్లమీద కాపురముండే దేవతలు. కింద మునులు కూర్చుంటే పైన ఉండకూడదని మర్యాదకొద్దీ పిల్లలతో సహా దిగివచ్చాయి. ఇవాళో రేపో పోతారనుకుంటే నెలల తరబడి ఉండేట్టు కనిపించారు. ఇల్లు పోగొట్టుకున్న వాళ్ల కోపం అది. తామే చొరబాటుదారులమని భిక్షువులకు తట్టనేలేదు.

రాజగృహంలో బింబిసారుడికీ ఇలాంటిదే ఎదురైంది. దానం చేసిన రాత్రి అంతఃపురంలో దారుణమైన ఏడ్పులు. పూర్వజన్మ బంధువులు ప్రేతాలై, తమ పేరు మీద ఏమైనా ఇస్తాడేమోనని గోడల వెలుపల కాచుకుని నిరాశపడ్డారని బుద్ధుడు చెప్పాడట. మర్నాడు రాజు పుణ్యం వాళ్లకు ధారపోశాడు, అరుపులు ఆగాయి. నమ్మకాన్ని పక్కన పెట్టి చూసినా ఇది మనసెరిగిన కథ. మరచిపోయినవాళ్లను తలుచుకోమని చెబుతోంది తప్ప ఎవరినో పట్టుకుని కొట్టమనడం లేదు.

హదీసుల్లోనూ ఈ నిదానం కనిపిస్తుంది. మదీనా ఇళ్లలో పాము కనిపిస్తే అది జిన్ను కావచ్చు కాబట్టి వెంటనే చంపొద్దని, మూడు రోజులు వెళ్లిపొమ్మని హెచ్చరించాలని సహీ ముస్లింలోని ఒక హదీసు చెబుతుంది. కంటికి పామే కనబడుతున్నా మూడు రోజుల గడువు.

ఇవన్నీ పాత గ్రంథాల్లోని మాటలు. ఉత్తరాలతో, డైరీతో రుజువైన ఇంటి గొడవ కావాలంటే ఇంగ్లండులోని లింకన్‌షైర్‌కు, ఎప్‌వర్త్ అనే ఊరి పాదిరి బంగళాకు వెళ్లాలి. 1716 డిసెంబరులో మొదలై మరుసటి జనవరి చివరి దాకా రెండు నెలలు సాగిన అల్లరి అది. ఇంటి పెద్ద శామ్యూల్ వెస్లీ, భార్య సుసానా, ఇంటినిండా ఆడపిల్లలు. మెథడిస్టు ఉద్యమ స్థాపకుడు కాబోయే జాన్ వెస్లీకి అప్పుడు పదమూడేళ్లు, లండన్‌లో బడిలో ఉన్నాడు. తర్వాత అతనే ఇంటివాళ్లందరి వాంగ్మూలాలూ సేకరించి, 1784లో తన పత్రికలో అచ్చువేశాడు.

తలుపు తట్టిన చప్పుడు, మూలుగులు, మెట్లమీద అడుగులు, సీసాలు పగిలినట్టు మోత. ఒకే ఇంట్లో ఒకే చప్పుడుకు ఎవరి స్పందన వారిది. సుసానా ఎలుకలనుకుంది. ఎలుకలు పారిపోతాయని ఎవరో చెబితే కొమ్ము బూర ఊదించింది. అప్పటిదాకా రాత్రే వచ్చే చప్పుళ్లు ఆ తర్వాత పగలూ మొదలయ్యాయి. తిరగలి తనంతట తాను తిరగడం చూసిన పనివాడికి ఒక్కటే బాధ: అందులో ధాన్యం లేకపోయిందే, ఉంటే పిండి ఆడించుకునేవాణ్ణి కదా! ఆడపిల్లలు మొదట హడలిపోయారు. తర్వాత దానికి 'ముసలి జెఫ్రీ' అని పేరు పెట్టి ఇంటిమనిషిని చేసుకున్నారు. పేరు పెట్టిన రోజునే సగం భయం పోయి ఉంటుంది.

పాదిరిగారికి మాత్రం కోపమొచ్చింది. పిల్లలను బెదిరించడమెందుకు, మగాడివైతే నా గదికి రా అని సవాలు చేశాడు. ఓ రాత్రి పిస్తోలు ఎక్కుపెట్టాడు. పక్క ఊరి పాదిరి హూల్ ఆయన చేయి పట్టి ఆపాడు. అది దయ్యమే అయితే తుపాకీ దానినేమీ చేయలేదని, పైగా నిన్ను బాధించే హక్కు నువ్వే దానికి ఇచ్చినట్టవుతుందని వారించాడు. ఆ చీకట్లో గోడవతల కూతురో పనిమనిషో ఉండి ఉంటే ఏమయ్యేది? ఆ రాత్రి హూల్ చేసిన పనికన్నా మంచి 'దయ్యపు వైద్యం' చరిత్రలో అరుదు.

సుసానా తీరు వేరు. సాయంత్రం అయిదు నుంచి ఆరు దాకా తన ప్రార్థన వేళ, ఆ గంట మాత్రం అల్లరి చేయొద్దని కోరింది. చేయలేదని జాన్ రాశాడు. రాజు జార్జి క్షేమం కోసం ప్రార్థన మొదలెట్టగానే చప్పుళ్లు జోరందుకునేవని కూడా ఇంటివాళ్లు రాశారు. దాని వెనక పాత కథ ఉంది. పదిహేనేళ్ల కిందట అప్పటి రాజు విలియం కోసం భర్త ప్రార్థిస్తే సుసానా ఆమెన్ అనలేదు. ఆయనను ఆమె న్యాయమైన రాజుగా ఒప్పుకోలేదు. భర్త అలిగి, శపథం చేసి, కొన్ని నెలలు ఇల్లు విడిచిపోయాడు. ఆ నాటి శపథానికి శిక్షే ఈ దయ్యమని జాన్ వెస్లీ నమ్మాడు. శిక్ష సంగతి ఏమోగానీ, ఆ ఇంట్లో తేలకుండా మిగిలిన తగువు ఒకటుందని మాత్రం తెలుస్తోంది.

చప్పుళ్లు ఎక్కువగా హెట్టీ అనే కూతురి దగ్గర వినిపించేవని, నిద్రలో ఆమె వణికేదని రికార్డుల్లో ఉంది. తర్వాతి పరిశోధకుల్లో కొందరు ఆమెనే అనుమానించారు. రుజువు లేదు. ఆమె చక్కని కవిత్వం రాసేది. 1725లో తండ్రి ఆమెను ఒక ప్లంబరుకు కట్టబెట్టాడు, ఆ కాపురం సుఖపడలేదు. ఆ ఇంట్లో ఆడపిల్ల గోడు ఎవరికి వినబడేదో దీన్నిబట్టి ఊహించుకోవచ్చు. జెఫ్రీ చప్పుడైతే ఇల్లంతా విన్నది.

ఇక శంకరుల అద్వైతంలో రోజూ వాడే ఉదాహరణ తాడూ పామూ. మసక వెలుతురులో తాడును పామనుకున్నవాడికి పాము లేదు గానీ, గుండెదడ నిజం, చెమట నిజం. వాడికి 'అది తాడురా' అని నాలుగు చీవాట్లు పెడితే భయం పోదు. దీపం తేవాలి. ఇంట్లో అలికిడి విషయంలో ఆ దీపం ఎటు చూపించాలన్నది తర్వాతి ప్రశ్న. జవాబు చాలా మామూలుది: ముందు ప్రాణం తీయగలవాటి వైపు.

1921లో విలియం విల్మర్ అనే అమెరికన్ కంటి వైద్యుడు ఒక వైద్య పత్రికలో ఓ కుటుంబం అనుభవాన్ని ప్రచురించాడు. పాత పెద్ద ఇంట్లో దిగినప్పటినుంచి వాళ్లకు తలనొప్పులు, నీరసం. పిల్లలు పాలిపోయారు, కుండీల్లో మొక్కలు వాడిపోయాయి. పై అంతస్తులో అడుగుల చప్పుడు, ఎవరో వెంబడిస్తున్నట్టు అనుమానం, మంచం పక్కన ఆకారాలు. చివరికి చూస్తే ఇల్లు వెచ్చబెట్టే కొలిమి పాడైంది, పొగ చిమ్నీలోకి పోకుండా గదుల్లోకి వస్తోంది. బాగుచేయించాక దయ్యాలు లేవు. కార్బన్ మోనాక్సైడుకు రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హీమోగ్లోబిన్‌కు ఆక్సిజన్ కన్నా రెండు వందల రెట్లకు పైగా గట్టిగా అంటుకుంటుంది. మన ఇళ్లలో కొలిమి లేకపోవచ్చు. గాలి ఆడని స్నానాలగదిలో గ్యాస్ గీజరు ఉంది, చలికి తలుపులేసి పెట్టుకునే బొగ్గుల కుంపటి ఉంది, కరెంటు పోతే వరండాలో మోగే జనరేటరు ఉంది. ఇంట్లో అందరికీ ఒకేసారి తలనొప్పి, బయటికెళ్తే తగ్గిపోవడం ఉంటే పిలవాల్సింది పూజారిని కాదు. ముందు కిటికీలు తెరిచి బయటికి రావాలి.

అటకమీద నడక చాలాసార్లు పునుగుపిల్లిది. అర్ధరాత్రి గొంతు చించుకుని అరిచేది గుడ్లగూబ. 2017లో విశాఖపట్నంలో తీసిన వీడియో ఒకటి దేశమంతా తిరిగింది. తెల్లని మొహాలు, నల్లని కళ్లతో నిలబడ్డ మూడు ప్రాణులను చూసి జనం గ్రహాంతరవాసులన్నారు. అవి గుడ్లగూబ పిల్లలు. నిద్రలో ఎవరో గుండెలమీద కూర్చుని నొక్కినట్టు, అరవబోతే గొంతు పెగలనట్టు అనిపించడం కూడా వైద్యులెరిగిన సంగతే. కలలు కనే దశలో శరీరం కండరాలను కదలనివ్వకుండా పట్టి ఉంచుతుంది. ఆ పట్టు వదలకముందే మెలకువ వస్తే మెదడు మేల్కొంటుంది, ఒళ్లు కదలదు.

అయితే శాస్త్రం పేరు చెప్పి ఏదో ఒకటి అంటగట్టడమూ మూఢనమ్మకం లాంటిదే. చెవికి వినబడని తక్కువ శబ్దతరంగాలే దయ్యాలకు కారణమని ఇంగ్లండులోని కోవెంట్రీలో విక్ టాండీ అనే ఇంజనీరు 1998లో ఒక వ్యాసం రాశాడు. ప్రయోగశాలలో ఫ్యాను సెకనుకు 19 సార్ల చొప్పున గాలిని కంపింపజేస్తోందని, అది ఆపగానే బూడిదరంగు ఆకారం కనబడటం మానిందని దాని సారాంశం. అందరికీ నచ్చింది. తర్వాత లండన్ పరిశోధకులు ఒక గదిలో ఇలాంటి తరంగాలనూ అయస్కాంత క్షేత్రాలనూ ఏర్పాటు చేసి 79 మందిని అందులో ఉంచారు. చాలామందికి వింత అనుభవాలు కలిగాయి. వాటికీ, తరంగాలు ఉండటానికీ లేకపోవడానికీ సంబంధం కనబడలేదు. ఏదో జరుగుతుందని ముందే చెవిన వేయడమే ఎక్కువ పనిచేసినట్టుంది. అనుమానం పెనుభూతమని మన పెద్దలు అన్నమాటకు 2009లో అచ్చయిన లెక్క ఇది.

గాలి, గ్యాసు, జంతువులు అన్నీ అయ్యాక మిగిలేది మనుషుల చేతులు. ఇక్కడే జాగ్రత్త కావాలి. కేరళలో పుట్టి శ్రీలంకలో స్థిరపడ్డ హేతువాది అబ్రహాం కోవూర్, 1898 నుంచి 1978 దాకా బతికినవాడు, రాళ్లు పడే ఇళ్లు, బట్టలు అంటుకునే ఇళ్లు ఎన్నో పరిశోధించాడు. వాటి వెనక ఆయనకు కనబడింది తరచుగా ఆ ఇంటి మనిషే. మాట చెల్లని కోడలో, చదువు ఇష్టంలేని కుర్రాడో, మనసు చెదిరిన పిల్లో. కోవూర్ గొప్పతనం దొంగను పట్టుకోవడంలో లేదు. పట్టుకున్నాక వీధిలో నిలబెట్టకుండా, ఒంటరిగా మాట్లాడి, ఆ బాధ ఏమిటో ఇంటి పెద్దలకు చెప్పడంలో ఉంది. మన నాస్తికవాది గోరా కూడా జనం దయ్యాల కొంపని వదిలేసిన ఇంట్లో కావాలని కాపురమున్నారు. అది ఊరికి ధైర్యం చెప్పే పని, గొప్ప పనే. కానీ ఇంటిలోపల వణుకుతున్నవాళ్లకు కావాల్సింది మాత్రం కోవూర్ చేసినది.

తెలంగాణ పల్లెల్లో, రాయలసీమలో కొన్నిచోట్ల ఇదే అలికిడికి ఇంకో పేరు పెడతారు. బాణామతి, చేతబడి. ఉన్నట్టుండి దండెం మీద చీర అంటుకుంటుంది, అన్నంలో మట్టి పడుతుంది, పశువు పాలివ్వదు. ద్రావకంలో కలిపిన భాస్వరం బట్టకు పూస్తే ఆరిన కాసేపటికి దానంతటదే అంటుకుంటుందని జన విజ్ఞాన వేదిక కార్యకర్తలు ఊరూరా తిరిగి చూపిస్తూనే ఉన్నారు. అయినా ఊరు ఒక మనిషిని వేలెత్తి చూపిస్తుంది. ఆ మనిషి సాధారణంగా ఎవరూ లేని ముసలిదో, పేదవాడో, ఊరి చివర ఉండేవాడో అవుతాడు. మంత్రం పలకకుండా పళ్లూడగొట్టిన కేసులు, కట్టేసి కొట్టి చంపిన కేసులు, సజీవంగా తగలబెట్టిన కేసులు మన పోలీసు స్టేషన్లలో ఉన్నాయి. దయ్యం వల్ల చచ్చినవాళ్లెందరో ఎవరూ చెప్పలేరు. దయ్యాన్ని వెతకడం వల్ల చచ్చినవాళ్ల లెక్క మాత్రం ఎఫ్ఐఆర్‌లలో ఉంటుంది. మహారాష్ట్రలో ఇలాంటి దారుణాలను ఆపే చట్టం కోసం పోరాడిన నరేంద్ర దాభోల్కర్‌ను 2013 ఆగస్టులో కాల్చి చంపాకే అక్కడ చట్టం వచ్చింది. కర్ణాటక 2017లో చేసుకుంది.

చర్చిలు కూడా ఈ పాఠం ఖరీదు పెట్టి నేర్చుకున్నాయి. 1974లో ఇంగ్లండులోని ఆసెట్ అనే ఊరికి చెందిన ఒక వ్యక్తికి రాత్రంతా భూతోచ్చాటన చేసి ఇంటికి పంపారు. అతను వెళ్లి భార్యను చంపాడు. మరుసటి ఏడాదే ఇంగ్లండు చర్చి నియమాలు పెట్టింది: బిషప్ అనుమతి ఉన్నవారే చేయాలి, వైద్యులతో కలిసి చేయాలి, ప్రచారం వద్దు, తర్వాత కూడా ఆ మనిషిని కనిపెట్టుకుని ఉండాలి. కేథలిక్ చర్చి చట్టంలో బిషప్ స్పష్టమైన అనుమతి లేకుండా ఏ పాదిరీ భూతోచ్చాటన చేయకూడదని ఉంది. మన దేశంలో 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో ఒక శరణాలయం తగలబడితే, గొలుసులతో కట్టి ఉంచిన 28 మంది కదలలేక కాలిపోయారు. దర్గా దగ్గర 'గాలి' వదులుతుందని తెచ్చి వదిలినవాళ్లు వాళ్లు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మనోవ్యాధి ఉన్నవాళ్లను ఏ రూపంలోనూ గొలుసుతో కట్టకూడదని నిషేధించింది.

అయితే ఇంట్లో హోమం చేయించుకోవడం తప్పా? తప్పని చెప్పేవాళ్లు ఉన్నారు. ఈ వ్యాసం అంత దూరం పోదు. ఉన్నట్టుండి పోయిన కొడుకు గదిలో రాత్రుళ్లు అలికిడి వినబడే తల్లికి నారాయణబలి చేయించాక నిద్ర పడితే, బైబిలు వాక్యం చదువుకుంటేనో, ఇంట్లో బఖరా సూరా పారాయణం చేయిస్తేనో గుండె కుదుటపడితే, అందులో ఎవరికీ నష్టం లేదు. దుఃఖానికి చేతులకు పని కావాలి, నలుగురి తోడు కావాలి. కర్మకాండ ఆ రెండూ ఇస్తుంది. బింబిసారుడికి జరిగిందీ అదే. కాని ఒక షరతు ఉంది. ఆ పూజ ఎవరి మీదా నింద మోపకూడదు, వేసుకునే మందులు మాన్పించకూడదు, అప్పుల్లోకి దింపకూడదు, ఇంట్లో ఎవరి ఒంటి మీదా చెయ్యి పడకూడదు. సుదర్శన హోమానికి లక్షలడిగి, 'ఇంకో మూడు దోషాలున్నాయి' అని మళ్లీ వచ్చేవాడు ఈ షరతుల్లో ఒకటి కాకపోతే ఒకటి తప్పుతాడు.

దయ్యాల భయానికి ఇంకొందరు బాధితులున్నారు, వాళ్లను ఎవరూ తలచుకోరు. వాళ్లు అద్దెకుండేవాళ్లు. ధనిష్ఠా పంచకంలో ఎవరైనా పోతే నక్షత్రాన్నిబట్టి కొన్ని నెలలు ఇల్లు పాడుపెట్టాలని తెలుగునాట ఆచారం. సొంత ఇల్లున్నవాడు బంధువుల ఇంటికి పోతాడు. అద్దెకున్నవాడు ఎక్కడికి పోవాలి? ఆసుపత్రిలో పోయిన మనిషి శవాన్ని ఇంటి యజమాని గేటు లోపలికి రానివ్వకపోతే, రోడ్డుపక్కనో శ్మశానంలోనో టెంటు వేసుకుని పిల్లలతో కూర్చున్న కుటుంబాల ఫొటోలు పత్రికల్లో తరచూ చూస్తూనే ఉన్నాం. రేపు ఎవరూ అద్దెకు రారని యజమాని భయం. జపాన్‌లోనూ ఇదే గొడవ ఉంటే 2021లో అక్కడి ప్రభుత్వం మార్గదర్శకాలిచ్చింది. వయసు మీరి సహజంగా పోయినవాళ్ల గురించి చెప్పనక్కర్లేదు. హత్య, ఆత్మహత్యల్లాంటివి జరిగితే అద్దె ఇళ్ల విషయంలో సుమారు మూడేళ్లపాటు చెబితే చాలు. అమెరికాలో ఒక కేసు ఇంకా చిత్రమైనది. న్యూయార్క్ రాష్ట్రంలో ఒక ఇంటిని అమ్మినావిడ దానిలో దయ్యాలున్నాయని ముందే పత్రికలకెక్కించి, కొనేవాడికి మాత్రం చెప్పలేదు. నువ్వే ఊరంతా చాటుకున్నావు కనుక చట్టం దృష్టిలో ఆ ఇంట్లో దయ్యాలున్నట్టేనని 1991లో అప్పీలు కోర్టు తీర్పిచ్చి, కొన్నవాడు బేరం రద్దు చేసుకోవడానికి ఒప్పుకుంది. జపాన్ నియమం లాంటిది ఇక్కడా ఒకటుంటే ఎన్ని శవాలకు గడప దక్కేదో.

అంచేత ఇంట్లో అలికిడి మొదలైందని ఎవరైనా చెబితే నవ్వకండి, వణకకండి. గీజరూ వైరింగూ చూపించండి, అటక దులిపించండి. ఈమధ్య ఇంట్లో ఎవరు పోయారో, ఎవరు మాట్లాడటం మానేశారో, ఎవరు సరిగా నిద్రపోవడం లేదో కనుక్కోండి. ఆ మనిషితో వేరుగా కూర్చోండి. అవసరమైతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ 14416కు ఫోను చేయండి, రాత్రీ పగలూ పలుకుతారు, తెలుగులోనూ మాట్లాడతారు. పూజ చేయించుకోవాలనిపిస్తే చేయించుకోండి. కానీ వచ్చినవాడు అంజనం వేసో, తమలపాకులో చూసో 'ఇది ఫలానావాళ్ల పని' అని ఒక మనిషి పేరు చెప్పాడా, అక్కడితో తాంబూలం ఇచ్చి పంపేయండి. ఆ పేరు ఊళ్లో పాకకముందే పోలీసులకు చెప్పండి.